తిరగడం మానిన రాట్నాలు

మా బరంపురంలో రెండేళ్ళకొకసారి ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. యాత్ర వచ్చిందంటే ఒరియావారు, తెలుగువారు అన్న తేడా పెద్దలకే అంతగా ఉండదు; పిల్లలకు అసలే ఉండదు. అమ్మవారి దర్శనం పెద్దలది, రంగులరాట్నం పిల్లలది. ఈ రాట్నాలలో రెండు జాతులున్నవి. గుర్రాలను, ఏనుగులను అమర్చి చుట్టూ త్రిప్పేది గుర్రాలరాట్నం. బండిచక్రంవలె నిలువుగా తిరిగి, మనిషిని ఆకాశానికెత్తి దించేది నిలువురాట్నం. నేటి పిల్లలు దీనిని జయింటు వీలు అంటున్నారు.

మొన్నటి యాత్ర ముగిసిన మర్నాడు ఆ మైదానం మీదుగా నడిచి వస్తున్నాము. నిన్న రాట్నం తిరిగినచోట నాలుగు గుంటలు తప్ప ఏమీ లేకపోవడం చూచి, మావెంట ఉన్న చిన్నవాడు "తాతయ్యా, అది ఏమైపోయింది?" అని అడిగాడు. "లారీ ఎక్కి ఇంకో ఊరి తీర్థానికి పోయిందిరా" అన్నాము. వాడికి తృప్తి కలిగినది; మాకు కలుగలేదు. ఊరూరా తిరిగే రాట్నం ఇరుసు అరిగితే ఇరుసు, పెట్టె విరిగితే పెట్టె మార్చుకొంటూ ఎంతకాలమైనా బ్రతుకుతుంది. కాని పునాదులు తీసి, కాంక్రీటు పోసి, ఒకేచోట నిలబెట్టిన మహాచక్రాల సంగతి ఏమిటి? జనం రావడం మాని, టిక్కెట్టు కిటికీ మూసిన తరువాత అవి ఏమవుతవి?

ఈ ప్రశ్న మేము పనిలేక వేసుకొన్నది కాదు. మా సంఘం అటకమీద తాతలనాటి నాటకాల తెరలు చుట్టలు చుట్టి పడిఉన్నవి. అడవి తెర, రాజదర్బారు తెర, వీధి తెర. సంఘ భవనానికి మరమ్మతులు తలపెట్టినందున వాటిని ఏమి చెయ్యాలన్న చర్చ కార్యవర్గంలో వచ్చినది. "ఇప్పుడు పద్యనాటకాలు ఎవరాడుతారు, తీసివేద్దాం" అన్నవారున్నారు. "పెద్దలు చేయించినవి, ఉండనిద్దాం" అన్నవారున్నారు. చర్చ తేలలేదు. ఆ రాత్రే చిన్నవాడి ప్రశ్న మళ్ళీ గుర్తుకు వచ్చి, పాత రాట్నాల చరిత్ర కొంత వెదకి చూచాము. కనబడినది చదువరుల ముందు పెడుతున్నాము.

మహాచక్రాల వంశానికి మూలపురుషుడు షికాగో చక్రం. 1893లో ఆ నగరంలో గొప్ప ప్రపంచ ప్రదర్శనం జరిగినది. దానికి అనుబంధంగా జరిగిన సర్వమత మహాసభలోనే ఆ సెప్టెంబరు 11వ తేదీన స్వామి వివేకానందులు ప్రసంగించారు. అంతకు నాలుగేళ్ళ క్రితం, 1889లో, పారిసువారు తమ ప్రదర్శనానికి ఈఫిల్ గోపురం కట్టి లోకాన్ని అబ్బురపరచి ఉన్నారు. దానికి దీటైనది మనకూ కావాలని షికాగోవారి పంతం. జార్జి ఫెర్రిస్ అనే వంతెనల ఇంజనీరు ఒకడు, నిండా 35 ఏళ్ళు లేనివాడు, ఒక ఉక్కు చక్రాన్ని కడతానని ముందుకు వచ్చాడు. మొదట పిచ్చి అన్నారు. తరువాత సరే అన్నారు.

ఆ చక్రం ఎత్తు 264 అడుగులు. దానికి 36 పెట్టెలు. ఒక్కొక్కటి ఇంచుమించు రైలుపెట్టె అంత. పెట్టెకు 60 మంది చొప్పున ఒకేసారి 2,160 మంది ఎక్కవచ్చును. ఇరుసు ఒక్కటే 45 అడుగుల పొడవు, దాదాపు 45 టన్నుల బరువు. 1893 జూన్ 21న చక్రం తిరగడం మొదలుపెట్టినది. టిక్కెట్టు అర డాలరు. యావత్తు ప్రదర్శనానికి ప్రవేశరుసుము ఎంతో ఈ ఒక్క చక్రం ఎక్కడానికీ అంతే. అయినా నవంబరులో ఆగిపోయేలోపల 14 లక్షల 50 వేల మందికి పైగా ఎక్కి దిగారు.

చక్రం అసలు కథ ఇక్కడినుంచి మొదలవుతుంది. ప్రదర్శనం మూసివేశారు. తెల్లని మేడలు చాలావరకు సున్నమూ నారా కలిపి తాత్కాలికంగా కట్టినవి గనుక త్వరలోనే పోయినవి. ఉక్కు చక్రం మాత్రం చలికాలమంతా ఒంటరిగా నిలబడి ఉన్నది. పడగొట్టడానికి మనసు రాదు. త్రిప్పడానికి జనం లేరు. 1894లో మరకు మర విప్పి, 1895లో ఆ నగరంలోనే లింకన్ పార్కు సమీపాన మళ్ళీ నిలబెట్టారు. చుట్టూ తోట వేసి, ఫలహారశాల పెట్టి, వాద్యగోష్ఠి జరిపితే జనం విరగబడి వస్తారని యజమానుల ఆలోచన.

కాని అది గృహస్థులు కాపురముండే పేట. ఇళ్ళ నెత్తిన ఈ ఇనుపకొండ ఏమిటని ఇరుగుపొరుగువారు మొదటినుంచీ ఎదురుతిరిగారు. ఒకాయన కోర్టుకు కూడా ఎక్కాడు. చక్రాన్ని తీసివేయించలేకపోయారు గాని, అక్కడ మద్యం అమ్మే లైసెన్సు రాకుండా అడ్డగలిగారు. ఆ రాబడి మీదనే ఆశ పెట్టుకొన్న యజమానులకు నష్టాలు వచ్చినవి. ఫెర్రిస్ తన కష్టానికి తగిన వాటా రాలేదని ప్రదర్శన నిర్వాహకులతో వ్యాజ్యాలాడి అలసిపోయాడు. 1896 నవంబరు 22న, 37వ ఏట, సన్నిపాత జ్వరంతో పిట్స్‌బర్గులో మరణించాడు. ఆయన అస్థికలను తీసికొనిపోయేవారు లేక ఏడాదికి పైగా అవి దహనశాలలోనే ఉండిపోయినవని వింటే ఎవరి మనసైనా కలుక్కుమంటుంది.

చక్రం మాత్రం 1903 వరకు అక్కడే ఈడ్చుకొంటూ వచ్చినది. తరువాత పాత ఇమారతులు కొని విప్పి అమ్మే వర్తకులు దానిని వేలంలో కొని, 1904లో సెయింట్ లూయీ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనానికి రైళ్ళమీద తరలించారు. అక్కడ ఏడు నెలల వైభవం. ప్రదర్శనం ముగిసినది; మళ్ళీ అదే ఒంటరితనం. ఈసారి మూడవ ఊరు దొరకలేదు. 1906 మే 11న డైనమైటు పెట్టి కాళ్ళు పేల్చివేశారు. ఉక్కు పాత ఇనుము ధరకు పోయినది. ఆ మహా ఇరుసు అక్కడి పార్కులోనే ఎక్కడో పూడిఉన్నదని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకొంటారు. ఈనాడు ఇంగ్లీషులో ఇటువంటి చక్రం దేనికైనా ఫెర్రిస్ పేరే. వస్తువు పోయినది, మనిషి పోయాడు, పేరు నిలిచినది.

షికాగో చక్రాన్ని చూచి ఇంగ్లండులో వాల్టర్ బాసెట్ అనే ఆయన వరుసగా నాలుగు చక్రాలు కట్టించాడు. మొదటిది లండనులోని ఎర్ల్స్ కోర్టులో, 1895లో. దానికి నెపం మనదేశమే. ఆ సంవత్సరం అక్కడ భారత సామ్రాజ్య ప్రదర్శనం పెట్టారు. మన కళలను, మన వేషాలను లండను ప్రజకు చూపించే ఆ సంతలో 300 అడుగులకు మించిన చక్రం, 40 పెట్టెలతో తిరిగినది. 1896 మే నెలలో అది నడుమ ఆగిపోయి, ఎక్కినవారు రాత్రంతా ఆకాశంలోనే జాగారం చేశారు. దిగినప్పుడు తలకు 5 పౌన్ల నోటు పరిహారంగా ఇచ్చారట. మరుసటి రోజునుంచి, ఈ రోజు కూడా ఆగిపోతే బాగుండునని ఎంతమంది ఎక్కి ఉంటారో! పది పన్నెండేళ్ళలో 25 లక్షల మంది ఎక్కిన ఆ చక్రాన్ని కూడా 1906-07లో విప్పి పాత ఇనుముకు వేశారు. రెండవది సముద్రతీరపు వినోదనగరం బ్లాక్‌పూలులోనిది. 1896లో లేచి, 1928లో మూతపడినది. దాని పెట్టెలను విడివిడిగా వేలం వేశారు.

నాలుగవది పారిసులోనిది, మూడవదాని సంగతి వెనుక చెబుతాము. 1900 నాటి ప్రదర్శనానికి కట్టిన ఈ చక్రం తన తోడివాటన్నిటికంటె పెద్దది. 40 పెట్టెలు, పెట్టెకు 30 మంది. 1920లో దానిని విప్పివేశారు. అయితే దాని పెట్టెలకు మాత్రం ఎవరూ ఊహించని వినియోగం దొరికినది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు ఉత్తరాన ఊళ్ళకు ఊళ్ళు నేలమట్టమైనవి. కొంపా గోడూ పోయిన కుటుంబాలకు ఆ పెట్టెలను ఇళ్ళుగా ఇచ్చారు. ఒకనాడు షోకుగా ముస్తాబై అందులో కూర్చుని పారిసు నగరాన్ని చూచినవారున్నారు. దానిలోనే పొయ్యి పెట్టుకొని, పిల్లలను పడుకోబెట్టుకొని బ్రతికినవారూ ఉన్నారు. ఇంతకంటె గౌరవమైన ముగింపు ఒక వినోదయంత్రానికి ఏముంటుంది?

ఇక మూడవది, వియన్నా చక్రం. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ స్వర్ణోత్సవ సందర్భంగా 1897లో ప్రాటర్ అనే ఉద్యానంలో నిలబెట్టారు. దాదాపు 65 మీటర్ల ఎత్తు. అన్నలకంటె, తమ్ముడికంటె పొట్టిది. 30 పెట్టెలుండేవి. 1916లో దీనిని పడగొట్టడానికి అనుమతి వచ్చినది. కాని యుద్ధకాలం, పడగొట్టడానికి డబ్బు లేదు. దరిద్రం కూడా ఒక్కొక్కప్పుడు కాపాడుతుంది. తరువాత, 1919లో, ఎడువర్డ్ స్టైనర్ అనే ప్రేగు నగరపు వర్తకుడు దీనిని కొన్నాడు. ఆయన కొన్నది విప్పి అమ్ముకోవడానికే. ఏమనుకొన్నాడో, విప్పలేదు; కౌలుకిచ్చి త్రిప్పించాడు. ఆయన యూదుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించినప్పుడు చక్రాన్ని లాగుకొన్నారు. 1944లో ఆయనను ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో చంపివేశారు. అదే సంవత్సరం చక్రమూ కాలిపోయినది.

యుద్ధం ముగిసేసరికి వియన్నా సగం శిథిలం. తిండి లేదు, బొగ్గు లేదు. అట్టి రోజులలో ఆ నగరంవారు ఆ నల్లబడిన ఇనుపచట్రాన్ని బాగుచెయ్యడానికి పూనుకొన్నారు. 1947లో అది మళ్ళీ తిరిగినది. అయితే కాలిన చట్రం 30 పెట్టెల బరువును ఓర్చగలదో లేదోనన్న భయంతో, ఒకటి విడిచి ఒకటిగా 15 పెట్టెలే కట్టారు. ఈనాటికీ అది 15 పెట్టెలతోనే తిరుగుతున్నది. పూర్వపు వైభవం సగానికి తగ్గినదని ఎవరూ దానిని వెలివేయలేదు. బాసెట్ కట్టించిన నలుగురిలో మిగిలినది ఈ పొట్టిది ఒక్కటే.

ఈ వృత్తాంతం చదివిన తరువాత మాకు ఒక సందేహం కలిగినది. కదలకుండా ఉన్నది బ్రతికినది; ఊరు మారిన షికాగో చక్రం చచ్చినది. పుట్టినచోట ఉన్నదే నిలుస్తుంది, ఊరు విడిచినది చెడుతుంది అని దీని తాత్పర్యమా? అదే అయితే, మూడు నాలుగు తరాల క్రితం ఊళ్ళు విడిచి వచ్చిన మనవంటివారికి ఇది మింగుడుపడే మాట కాదు. కాని కదలని లండను చక్రమూ చచ్చినదే గదా. పైగా ఊరు మారి కూడా బ్రతికినది ఒకటి కనబడినది. అది నిలువురాట్నం కాదు, గుర్రాలరాట్నం.

అమెరికాలో కొలరాడో రాష్ట్రపు రాజధాని డెన్వరులో ఎలిచ్ తోటలనే వినోదశాల ఉండేది. దానికోసం 1905లో ఫిలడెల్ఫియాలోని ఒక కంపెనీవారు కొయ్యతో గుర్రాలరాట్నం చేసి ఇచ్చారు. పేరుకు గుర్రాలేగాని అందులో జిరాఫీ, ఒంటె, సింహం, పులి మున్నగునవన్నీ కలిసి 46 జంతువులు. కూర్చునేందుకు నాలుగు రథాలు. నడుమ స్తంభం చుట్టూ నూనెరంగులతో వేసిన చిత్రపటాలు. 1928 నాటికి, తిరుగుతూ పైకీ క్రిందికీ ఎగిరే గుర్రాల రాట్నాలు వచ్చినవి. తోటవారు అటువంటిది కొత్తది తెచ్చుకొని, ఎగరని ఈ పాత గుర్రాలను అమ్మజూపారు. డెన్వరుకు తూర్పున, ఎడారివంటి మైదానంలో, గోధుమ పండించుకొనే కిట్ కార్సన్ అనే కౌంటీ ఒకటున్నది. దాని కమిషనర్లు 1,200 డాలర్లు ఇచ్చి, రైలు ఖర్చు పెట్టుకొని, దీనిని బర్లింగ్టన్ అనే చిన్న పట్నంలోని తమ సంతమైదానానికి తెచ్చుకొన్నారు.

ఊరు భగ్గుమన్నది. రైతుల పన్నులతో బొమ్మగుర్రాలా అన్నారు. ఆ కమిషనర్లకు ఆ తరువాత పదవులు దక్కలేదు. మూడేళ్ళు తిరగకుండానే ఆర్థికమాంద్యం వచ్చిపడినది. 1931తో సంత ఆగిపోయినది. రాట్నపు కొట్టాన్ని పశువుల మేత దాచే గాదెగా వాడారు. ఎలుకలు చేరినవి, రాట్నంతోపాటు పాడే పెద్ద వాద్యయంత్రాన్ని కొరికివేసినవి. కొయ్యజంతువులు మేత నడుమ చీకటిలో ఆరేళ్ళు నిలబడి ఉన్నవి.

1937లో సంత మళ్ళీ మొదలైనది. తలుపు తీశారు, మేత ఎత్తివేశారు, తుడిచారు, ఇరుసుకు నూనె పోశారు, త్రిప్పారు. అంతే. ఇందులో మహత్యమేమీ లేదు. పన్నుల కోసం పోట్లాడినవారి పిల్లలు దానిమీద ఎక్కారు. వారి పిల్లలూ ఎక్కారు. 1970ల నాటికి రంగులమీద మట్టి, పాత వార్నీషు పేరుకొని నల్లబడితే, కొత్త రంగు కొట్టి చేతులు దులుపుకొనలేదు. ఓర్పుతో ఆ మురికి తీయించి, అడుగున ఉన్న 1905 నాటి రంగునే బయటకు తెచ్చారు. 1981లో దొంగలు నాలుగు జంతువులను ఎత్తుకొనిపోతే, అవి దొరికేవరకు ఊరు ఊరుకోలేదు. 1987లో అమెరికా ప్రభుత్వం దానిని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించినది. జంతువుల మీదా చిత్రపటాల మీదా తొలినాటి రంగు నిలిచిఉన్న పాత రాట్నం ఆ దేశంలో అది ఒక్కటేనని చెబుతారు. డెన్వరు వద్దన్నదానికి బర్లింగ్టన్ పుట్టినిల్లయినది.

కనుక ఊరు మారడమూ, మారకపోవడమూ కాదు కారణం. గొప్పదనమూ కాదు; షికాగో చక్రంకంటె గొప్పది ఏమున్నది? గట్టిదనమూ కాదు, ఉక్కు పోయి కొయ్య మిగిలినది గదా. షికాగో చక్రం వెళ్ళిన ప్రతిచోటా దానిని చూడ్డానికి వచ్చినవారున్నారు, సొమ్ము చేసుకొన్నవారున్నారు. ఇది మాది అన్నవారు లేరు. జనం తగ్గిన రోజున దానిని అడిగేవారు లేకపోయారు. వియన్నాలోనూ బర్లింగ్టన్‌లోనూ, రాబడి లేని రోజులలో సైతం దాని ఇరుసుకు నూనె పోసే చెయ్యి ఒకటి ఉన్నది. బర్లింగ్టన్‌వారు మొదట తిట్టినవారే సుమా. తిట్టినా పారవేయలేదు. మేత దాచుకొన్నా తలుపు తీయడం మరచిపోలేదు.

ఇంకొకటి. ఊరకే "ఉండనిద్దాం" అన్నంతమాత్రాన ఏదీ ఉండదు. షికాగో చక్రాన్ని ఆ మొదటి చలికాలమంతా ఉండనిచ్చారు. అటకమీది తెరను ఉండనిస్తే అది ఎలుకల పాలవుతుంది. ఈ సంగతిలో, కార్యవర్గంలో "ఉండనిద్దాం" అన్నవారిలో మేమూ ఉన్నామని ఒప్పుకోవాలి. ఆ మాట అని ఇంటికి పోయి నిద్రపోయాము. ఆ తెరలను చుట్టిన తరువాత వాటిని విప్పి చూచినవారు మాలో ఒక్కరూ లేరు.

ఈ చరిత్ర చదివిన మర్నాడు మేము నలుగురం నిచ్చెన వేసి అటక ఎక్కాము. వీధి తెర ఒక ప్రక్క ఎలుకలు కొట్టినవి. అడవి తెర చెమ్మకు అంటుకొనిపోయినది. దానిని బలవంతాన విప్పలేదు. దర్బారు తెర మాత్రం విప్పితే విడివడినది. స్తంభాలమీద బంగారు రంగు ఇంకా ఉన్నది. క్రింది అంచున తెలుగు అక్షరాలలో ఏదో పేరు, సగం చెరిగి, కనబడుతున్నది. అది వేసిన చిత్రకారుడిదో, ఖర్చు పెట్టుకొన్న దాతదో చదువుకోలేకపోయాము.

ఇక నాటకాలు పూర్వంవలె ఆడుతామని మేము ప్రగల్భాలు పలకడంలేదు. 30 పెట్టెల వైభవం తిరిగి రాకపోవచ్చును. 15 పెట్టెలతో తిరిగినా చాలును. పారిసు పెట్టెలవలె మరొక పనికి వచ్చినా మేలే: బడిపిల్లల పద్యాల పోటీకి వెనుక కట్టవచ్చును, ఉగాది కవిసమ్మేళనానికి కట్టవచ్చును. ఏదో ఒకటి వాటితో పని పడాలి. పని పడితేనే దులిపేవాడు పుడతాడు.

ఈ ఉగాదినాడు పంచాంగ శ్రవణం అయిన తరువాత, ఆ దర్బారు తెరను మన సంఘ భవనంలో వేదిక వెనుక కడుతున్నాము. పచ్చడి పుచ్చుకొన్న తరువాత దయచేసి వెంటనే వెళ్ళిపోకండి. ఇళ్ళలోని పెద్దవారిని చెయ్యి పట్టుకొని తీసికొని రండి. తెర క్రింది అంచున ఉన్న ఆ పేరు వారిలో ఎవరికైనా గుర్తుకు వస్తుందేమో అడుగుదాము. పిల్లలను కూడా తీసికొని రండి. తెరను మళ్ళీ చుట్టేటప్పుడు రెండు కొసలూ పట్టుకోవడానికి మనుష్యులు కావాలి.